బిడ్డ బరువు మాట తొమ్మిదో నెల దాకా ఆగకూడదు

తొమ్మిదో నెల స్కానింగ్ రిపోర్టులో ‘బిడ్డ అంచనా బరువు 3.9 కిలోలు’ అన్న ఒక్క వాక్యం చాలు, ఇంట్లో చర్చ మొదలైపోతుంది. అమ్మమ్మకు సంతోషం, పండులాంటి బిడ్డ పుట్టబోతోందని. భర్తకు భయం, కాన్పు కష్టమవుతుందేమోనని. ఆపరేషన్ చేయించుకోవాలా, ముందే నొప్పులు తెప్పించుకోవాలా, లేక ఎదురు చూడాలా అన్న ప్రశ్న మాత్రం గర్భిణి మీద పడుతుంది. అది కూడా డాక్టరు గది బయట ఇంకో పాతికమంది వేచి ఉండగా, పది నిమిషాల్లో తేల్చుకోవాల్సిన ప్రశ్నగా.

ఈ ప్రశ్నకు శాస్త్రం ఇచ్చే జవాబు చాలామంది అనుకున్నంత సూటిగా లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, బిడ్డ అతిగా పెరగకుండా చూడటానికి అసలైన అవకాశం అంతకు మూడు నెలల ముందే వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. తొమ్మిదో నెలలో చేసే హడావుడిలో సగం ఆరో నెలలో చేస్తే ఎక్కువ ఫలితం ఉంటుందన్నది ఈ వ్యాసంలో నా వాదన. రాయపూర్‌ను, అక్కడి తెలుగు కుటుంబాలను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో తల్లీబిడ్డల ఆరోగ్యం అనగానే గుర్తొచ్చేవి రక్తహీనత, తక్కువ బరువుతో పుట్టే పిల్లలు. 2002లో మొదలైన మితానిన్ కార్యకర్తల వ్యవస్థ అయినా, అంగన్‌వాడీ త్రాసు అయినా వెతికేది ముఖ్యంగా రెండున్నర కిలోలకు తక్కువ ఉన్న బిడ్డనే. అది సరైన పనే. కానీ ఆ వెతుకులాటలో ఎక్కువ బరువు అనేది సమస్యగా కనబడదు, శుభవార్తగా కనబడుతుంది.

ముందు ఆ 3.9 అన్న అంకె సంగతి చూద్దాం. స్కానింగ్ యంత్రం బిడ్డను తూచదు. తల చుట్టుకొలత, తల వెడల్పు, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు కొలిచి, ఒక సూత్రంలో వేసి బరువును లెక్కగడుతుంది. 1980లలో అమెరికా వైద్యుడు ఫ్రాంక్ హ్యాడ్‌లాక్ బృందం రూపొందించిన సూత్రాలే నేటికీ చాలా యంత్రాల్లో ఉన్నాయి. వాటిలో 10 నుంచి 15 శాతం వరకు తేడా రావడం మామూలే. అంటే రిపోర్టులో 3.9 కిలోలు అని ఉంటే, పుట్టే బిడ్డ 3.3 కిలోలు ఉండవచ్చు, 4.5 కిలోలూ ఉండవచ్చు. నెలలు నిండే కొద్దీ తల కిందికి దిగుతుంది, కొలతలు సరిగా అందవు. పైగా బిడ్డ నిజంగానే పెద్దదైనప్పుడు అంచనా మరింత తప్పుతుంది. దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలతో అచ్చయ్యే రిపోర్టు మనకు లేని నమ్మకాన్ని కలిగిస్తుంది. నన్నడిగితే, ప్రతి రిపోర్టులోనూ ఒక్క అంకెకు బదులు ‘ఇంత నుంచి ఇంత వరకు’ అని రాయడం తప్పనిసరి చేయాలి.

‘పెద్ద బిడ్డ’ అంటే ఎంత అన్నదీ తేలికైన ప్రశ్న కాదు. 4 కిలోలు దాటితే అని కొందరు, 4.5 కిలోలు దాటితే అని కొందరు అంటారు. అదే వారంలో ఉన్న వందమంది బిడ్డలను బరువు వరసలో నిలబెడితే పై పదిమందిలో ఉన్నవారు అన్నది మరో కొలమానం. ఈ గీతలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల లెక్కల నుంచి వచ్చాయి. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లల సగటు బరువు దాదాపు 2.7 కిలోలు ఉంటే, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలది దాదాపు 3.5 కిలోలని డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 2003లో చూపించింది. బరువులో అంత తేడా ఉన్నా, మన పిల్లల చర్మం కింది కొవ్వు మాత్రం ఆ మేరకు తగ్గలేదు. తగ్గింది కండ. ఐదడుగులు కూడా లేని తల్లికి 3.7 కిలోల బిడ్డ పెద్ద బిడ్డే కావచ్చు. పొడవాటి తల్లికి 4 కిలోల బిడ్డ మామూలు బిడ్డే కావచ్చు. కాబట్టి అంకెతో పాటు తల్లి ఎత్తు, గత కాన్పులు, అన్నిటికంటే ముఖ్యంగా ఆమె రక్తంలో చక్కెర ఎంత ఉందో కలిపి చూడాలి.

చక్కెరను ముఖ్యం అనడానికి కారణం బిడ్డ పెరిగే తీరులోనే ఉంది. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ గుండా బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం చేరదు. గ్లూకోజ్ ఎక్కువగా వచ్చి పడుతుంటే బిడ్డ క్లోమం తానే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసుకుంటుంది. కడుపులోని బిడ్డకు ఇన్సులిన్ ఒక పెరుగుదల హార్మోను కూడా. డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ 1950లలో చెప్పిన ఈ వివరణ ఇప్పటికీ నిలబడింది. ఇలా పెరిగిన బిడ్డకు తల అంతగా పెరగదు. భుజాల చుట్టూ, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. ప్రసవంలో తల బయటికి వచ్చేస్తుంది, భుజం తల్లి కటి ఎముక వెనక ఇరుక్కుపోతుంది. డాక్టర్లు దీన్ని షోల్డర్ డిస్టోషియా అంటారు. అప్పుడు చేతిలో ఉండేవి కొద్ది నిమిషాలు మాత్రమే. ఆలస్యమైతే బిడ్డకు ప్రాణవాయువు అందదు. తొందరపడి తలను లాగితే మెడ నుంచి చేతికి వెళ్లే నరాలు దెబ్బతింటాయి. ఒకే బరువున్న ఇద్దరు బిడ్డల్లో, తల్లికి షుగర్ ఉన్న బిడ్డకే ఈ ముప్పు ఎక్కువ అనడానికి కారణం ఇదే. తల్లి అధిక బరువు, గత కాన్పులో పెద్ద బిడ్డ, నెలలు నిండి రోజులు దాటిపోవడం వంటి ఇతర కారణాలూ ఉన్నాయి. కానీ వాటిలో మనం మార్చగలిగినవి తక్కువ.

తొమ్మిదో నెలలో బిడ్డ పెద్దదని తేలింది, తల్లికి షుగర్ లేదు. ముందుగానే నొప్పులు తెప్పిస్తే మంచిదా? 2015లో ‘లాన్సెట్’లో వచ్చిన అధ్యయనం ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, బెల్జియంలలో 822 మంది గర్భిణులపై జరిగింది. 37, 38 వారాల మధ్య నొప్పులు తెప్పించినవారిలో బిడ్డకు భుజం తీవ్రంగా ఇరుక్కోవడం, దానివల్ల కలిగే గాయాల వంటివి 2 శాతం. ఎదురుచూసినవారిలో 6 శాతం. సిజేరియన్లు పెరగలేదు. పచ్చకామెర్లకు లైటు కింద పెట్టాల్సిన బిడ్డలు మాత్రం ఎక్కువయ్యారు. 2025లో అదే పత్రికలో బ్రిటన్ నుంచి ‘బిగ్ బేబీ ట్రయల్’ ఫలితాలు వచ్చాయి. అందులో 2,893 మంది పాల్గొన్నారు. 38 వారాలు నిండగానే నొప్పులు తెప్పించిన వర్గంలో భుజం ఇరుక్కున్నది 2.3 శాతం మందికి, మామూలు పద్ధతిలో వదిలిన వర్గంలో 3.1 శాతం మందికి. ఈ తేడా యాదృచ్ఛికం కావచ్చునని గణాంకాలు చెప్పాయి. కేటాయించిన పద్ధతినే పూర్తిగా పాటించినవారిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే 2.3, 3.7 శాతాలుగా తేడా స్పష్టమైంది. అంతకుముందు అధ్యయనాలన్నీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష ప్రకారం బిడ్డకు ఒక ఎముక విరగడాన్ని ఆపాలంటే 60 మందికి నొప్పులు తెప్పించాలి. తల్లికి తీవ్రమైన చిరుగులు ఏర్పడే అవకాశం కాస్త పెరుగుతుందని కూడా అదే సమీక్ష గమనించింది.

ఈ లెక్కలు నాకు చెప్పేదేమంటే, నొప్పులు తెప్పించడం తప్పూ కాదు, తప్పనిసరీ కాదు. లాభం ఉంది, కానీ చిన్నది. దానికి ఖరీదూ ఉంది. నిర్ణయం గర్భిణితో కలిసి తీసుకోవాల్సిందే. అయితే ఈ పరీక్షలు జరిగినవి ఐరోపా ఆసుపత్రుల్లో. అక్కడ గర్భం ఎన్ని వారాలదో మొదటి మూడు నెలల స్కానింగ్‌తోనే తేలిపోయి ఉంటుంది. మన దగ్గర నెలసరి తేదీ సరిగా గుర్తులేక, మొదటి స్కానింగ్ ఆరో నెలలో చేయించుకున్న స్త్రీకి ‘38 వారాలు’ అంటే నిజానికి 36 కావచ్చు. పెద్ద బిడ్డ అనుకుని నెలలు నిండని బిడ్డను బయటికి తెచ్చినట్టు అవుతుంది. మొదటి మూడు నెలల్లో ఒక్క స్కానింగ్ ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక ‘ఎందుకొచ్చిన గొడవ, ఆపరేషన్ చేసేయండి’ అనే మాట. 1996లో అమెరికాలో ఒక బృందం లెక్క వేసింది. షుగర్ లేని తల్లుల్లో, అంచనా బరువు 4.5 కిలోలు దాటిందని సిజేరియన్లు చేసుకుంటూ పోతే, చేతి నరాలకు శాశ్వత నష్టం ఒక్క బిడ్డకు తప్పించడానికి 3,695 ఆపరేషన్లు కావాలి. షుగర్ ఉన్న తల్లుల్లో 443 చాలు. ఈ ఒక్క పోలికలోనే అంతా ఉంది. షుగర్ ఉందో లేదో తెలియకుండా బిడ్డ బరువు మీద నిర్ణయం తీసుకోవడం చీకట్లో బాణం వేయడమే. మన కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు కూడా ఈ తేడాను పాటిస్తాయి. గర్భిణికి షుగర్ ఉండి, బిడ్డ అంచనా బరువు 4 కిలోలు దాటితే 39 వారాల దగ్గర సిజేరియన్ గురించి ఆలోచించమంటాయి. షుగర్ అదుపులో ఉండి ఇతర ఇబ్బంది లేకపోతే మామూలు కాన్పుకే మొగ్గు చూపుతాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 14.3, ప్రైవేటులో 47.4. ఛత్తీస్‌గఢ్‌లో మొత్తం మీద 15 శాతం దగ్గర ఉంటే, తెలంగాణలో 60.7. రాయపూర్‌లో స్థిరపడిన తెలుగింటి ఆడపడుచు పురుటికి పుట్టింటికి వచ్చిందంటే, సిజేరియన్ అలవాట్లు పూర్తిగా వేరైన చోటికి వచ్చినట్టే. బిడ్డ అదే, బరువు అదే. కానీ ఊరు మారగానే సలహా మారిపోయే అవకాశం ఉంది.

ఇప్పుడు ఆరో నెలకు వద్దాం. 24 నుంచి 28 వారాల మధ్య గర్భిణికి షుగర్ పరీక్ష చేయాలి. చెన్నై వైద్యుడు వి. శేషయ్య ప్రచారంలోకి తెచ్చిన పద్ధతినే కేంద్ర ప్రభుత్వం స్వీకరించింది. పరగడుపున రావాల్సిన పని లేదు. 75 గ్రాముల గ్లూకోజ్‌ను నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత ఒక చుక్క రక్తం చూడాలి. డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు లేదా అంతకు మించితే గర్భధారణ మధుమేహం. మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకసారి, అప్పుడు మామూలుగా ఉంటే 24-28 వారాల మధ్య మరోసారి చేయాలి. పరగడుపు పరీక్షతో పోలిస్తే ఈ పద్ధతి కొందరిని వదిలేస్తుందన్న విమర్శ ఉంది. విమర్శలో నిజం లేకపోలేదు. కానీ తెల్లవారుజామున బస్సెక్కి యాభై కిలోమీటర్లు వచ్చే గర్భిణిని ‘ఏమీ తినకుండా రేపు మళ్లీ రా’ అంటే ఆమె రాదు. జరిగే పరీక్ష జరగని పరీక్షకన్నా నయం. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. గ్లూకోజ్ తాగి రెండు గంటలు కూర్చోవడానికి అంతకన్నా మంచి రోజు ఉండదు.

‘మూడు నెలల సగటు’ అని పిలిచే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించాం, బాగానే ఉంది, ఇంకెందుకు అని కొందరంటారు. ఛత్తీస్‌గఢ్‌లో ఈ మాట మరీ ప్రమాదకరం. ఆ పరీక్ష ఎర్రరక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరను కొలుస్తుంది. గర్భంలో ఎర్రకణాలు త్వరగా మారిపోతుంటాయి కాబట్టి అసలే తక్కువ చూపిస్తుంది. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారిలో కణాలు ఇంకా త్వరగా నశిస్తాయి. ఆ లక్షణాన్ని మోసేవారిలో కొన్ని యంత్రాలు తప్పు అంకె ఇస్తాయి. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతేమో ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. సికిల్ సెల్, రక్తహీనత రెండూ విస్తృతంగా ఉన్న రాష్ట్రంలో ఈ పరీక్షను నమ్ముకుని గ్లూకోజ్ పరీక్షను వదిలేయడం పొరపాటు.

కనిపెట్టినంత మాత్రాన లాభమేంటి? లాభం ఉందని గట్టి రుజువులున్నాయి. 2005లో ఆస్ట్రేలియాలో వెయ్యిమంది గర్భిణులపై జరిగిన పరీక్షలో, ఆహార సలహా, షుగర్ పర్యవేక్షణ, అవసరమైతే ఇన్సులిన్ అందినవారిలో 4 కిలోలు దాటిన బిడ్డలు 10 శాతం. మామూలు పద్ధతిలో చూసినవారిలో 21 శాతం. 2009లో అమెరికాలో స్వల్పస్థాయి షుగర్ ఉన్న 958 మందిపై చేసిన పరీక్షలో భుజం ఇరుక్కోవడం 4 శాతం నుంచి 1.5 శాతానికి తగ్గింది. తొమ్మిదో నెలలో నొప్పులు తెప్పించడంపై వచ్చిన ఫలితాల పక్కన వీటిని పెట్టి చూడండి. ఆరో నెలలో మొదలుపెట్టిన ఆహార నియమం ఇచ్చే లాభం ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఆహార నియమం అనగానే అన్నం మానేయమంటారని భయం. రాయపూర్ ధాన్యపు సీమ. అక్కడి బోరే బాసీకి, మన చద్దన్నానికి చుట్టరికం దగ్గరిది. ఎవరూ అన్నం మానక్కర్లేదు. ఒక్కపూట గిన్నెడు తినేదాన్ని మూడు చిన్న భోజనాలు, రెండు మూడు చిరుతిళ్లుగా పంచుకోవాలి. కంచంలో అన్నం తగ్గిన చోట పప్పు, ఆకుకూర, గుడ్డు రావాలి. ఛత్తీస్‌గఢ్‌లో పండే కోదో, కుట్కీ మనకు తెలిసిన అరికెలు, సామలే. మంచివే. కానీ సామలైనా కుప్పగా తింటే చక్కెర పెరగక మానదు. భోజనం చేసిన రెండు గంటలకు 120 లోపు ఉండటం లక్ష్యం. రెండు వారాలు ఇలా చూసి, అదుపులోకి రాకపోతే డాక్టరు మందు మొదలుపెడతారు. ఇన్సులిన్ బిడ్డకు హాని చేస్తుందన్న అపోహ ఇంకా పోలేదు. అది మాయ దాటదని పైనే చెప్పుకున్నాం. హాని చేసేది దాటి వెళ్లే చక్కెర. ‘ఇద్దరి తిండి తినాలి’ అన్న పాత మాటను మాత్రం ఇక వదిలేయడం మంచిది.

ఇక్కడే తెలుగు కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. రాయపూర్ రైల్వే కాలనీల్లో, భిలాయి ఉక్కు కర్మాగారం చుట్టూ తరాలుగా ఉంటున్న తెలుగువారిలో చాలామందికి ఉత్తరాంధ్రతో బంధుత్వాలు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, తిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా విజయనగరం వెళ్లే రైలెక్కించి పుట్టింటికి పంపుతారు. పరీక్ష సమయం, ప్రయాణ సమయం పక్కపక్కనే ఉన్నాయి. ‘అక్కడికెళ్లాక చేయిద్దాం’ అని ఇక్కడ, ‘అక్కడ చేసే ఉంటారు’ అని అక్కడ అనుకుంటారు. సీమంతంలో సున్నుండలు, అరిసెలు, బూరెలు ఎలాగూ తప్పవు. చివరికి పుట్టింటి ఊరి డాక్టరు చేతికి అందేది 37వ వారపు స్కానింగ్ ఒక్కటే. మొదటి స్కానింగ్ లేదు, షుగర్ పరీక్ష ఫలితం లేదు, బిడ్డ ఇంతకుముందు ఏ వేగంతో పెరిగిందో తెలియదు. ఆ స్థితిలో ఏ డాక్టరైనా జాగ్రత్త పేరుతో కత్తి వైపు మొగ్గితే తప్పుపట్టలేం. సీమంతం చీర కన్నా ముందు పెట్టెలో పెట్టాల్సినవి మూడు కాగితాలు: మొదటి మూడు నెలల స్కానింగ్, గ్లూకోజ్ పరీక్ష ఫలితం, మాతా శిశు సంరక్షణ కార్డు. ఫోనులో ఫోటో తీసుకున్నా సరే.

ఇంత చేసినా కొన్ని భుజాలు ఇరుక్కుంటూనే ఉంటాయి. ఎందుకంటే ఈ ప్రమాదాల్లో దాదాపు సగం 4 కిలోల లోపు బిడ్డల్లోనే జరుగుతాయి. ఏ స్కానింగూ వాటిని ముందుగా చెప్పలేదు. అందుకే కాన్పు గదిలో ఉండే నర్సు చేతి నేర్పు యంత్రం కన్నా విలువైనది. తల్లి రెండు తొడలను పొట్ట వైపు గట్టిగా మడవడం, పొత్తికడుపు కింద, ఎముక పైన నొక్కడం, అవసరమైతే బిడ్డ వెనక చేతిని ముందుగా తీయడం. ఇవన్నీ బొమ్మ మీద సాధన చేయగలిగినవే. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఒక ఆసుపత్రి సిబ్బంది అందరికీ ఏటా ఈ సాధన తప్పనిసరి చేసింది. భుజం ఇరుక్కున్న కాన్పుల్లో బిడ్డలకు గాయాలు 9.3 శాతం నుంచి 2.3 శాతానికి పడిపోయాయని 2008లో ప్రచురించారు. మన దగ్గర మాత్రం గర్భసంచిని పైనుంచి నొక్కి బిడ్డను తోసే పద్ధతి కొన్నిచోట్ల ఇంకా పోలేదు. భుజం ఇరుక్కున్నప్పుడు అలా నొక్కితే అది మరింత బిగుసుకుంటుంది. కాన్పు గదుల నాణ్యత పెంచడానికి 2017లో కేంద్రం ‘లక్ష్య’ కార్యక్రమాన్ని ప్రారంభించింది. రాయపూర్ ఎయిమ్స్, అంబేడ్కర్ స్మారక ఆసుపత్రి వంటి పెద్ద సంస్థలున్న నగరం నుంచి ఈ సాధన బస్తర్‌లోని చిన్న ఆసుపత్రుల దాకా వెళ్లాలి. కొత్త స్కానింగ్ యంత్రానికి పెట్టే డబ్బులో చిన్న భాగంతో ఎన్నో బొమ్మలు వస్తాయి.

పుట్టాక కూడా పని ఉంది. తల్లి నుంచి వచ్చే గ్లూకోజ్ బొడ్డుతాడు కోయగానే ఆగిపోతుంది. బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఎక్కువగానే ఉంటుంది. దాంతో రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. బొద్దుగా, నిద్రమత్తులో ఉన్న బిడ్డను చూసి ‘బుద్ధిగా పడుకున్నాడు’ అని మురిసిపోయే సమయంలోనే మడమ నుంచి రక్తపు చుక్క తీసి చూడాల్సి రావచ్చు. తేనె చుక్కలు, జన్మఘుట్టీ వద్దు. గంటలోపు తల్లిపాలు పట్టించాలి. తల్లికేమో ఆరు వారాల తర్వాత మళ్లీ అదే 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయాలి. గర్భంలో షుగర్ వచ్చిన స్త్రీలకు తర్వాతి జీవితంలో మధుమేహం వచ్చే ముప్పు ఇతరులకన్నా ఏడు నుంచి పది రెట్లు. ఆ ఆరో వారంలో బిడ్డకు టీకాల కోసం ఎలాగూ ఆసుపత్రికి వెళతారు. అదే రోజు, అదే బల్ల మీద తల్లికీ ఒక గ్లాసు గ్లూకోజ్ నీళ్లు ఇచ్చి కూర్చోబెట్టవచ్చు.